మద్దిచెట్టు మీది డేగ

1944 మార్చి 3, శుక్రవారం

ఇయ్యాల మళ్ల పీనుగ పటం దించిన. బజారు షావుకారు తండ్రి. కుర్చీల కూచోబెట్టి నడుముకు తువ్వాల కట్టిండ్రు. మెడ నిలవలే. వెనక నుంచి కొడుకు పట్టుకున్నడు. "జర కదలకుండ్రి" అని అలవాటుకొద్ది అన్న. ఎవరికి చెప్పిన్నో నోట్లకెల్లి మాట వచ్చినంక గాని తెల్వలే. ఎవ్వరు నవ్వలే.

వనపర్తిల ఈ ఫోటువల దుకాణం పెట్టి పదేండ్లు. పీనుగలు, పెండ్లికొడుకులు. అందరు ఊపిరి బిగబట్టెటోళ్లే. గద్వాలల మగ్గం ఇడిసిపెట్టి వచ్చింది ఇందుకేనా... మా అన్న మొన్న కూడ గదే అడిగిండు.

మార్చి 6, సోమవారం

తేనె తిరుపతయ్య వచ్చిండు. ఏడాదికి రెండుసార్లు వస్తడు ఆత్మకూరు దిక్కునుంచి. కౌలు చేను, జొన్న. పని లేని రోజులల్ల చెట్లెక్కి తేనె తీస్తడు. మా ఇంటామె నాగమణికి ఈయన తేనె తప్ప ఇంకోటి పనికిరాదు. మొగుడు తెచ్చింది ఏదైన వాసన చూసి పక్కకు పెడతది, తిరుపతయ్యది మాత్రం వేలు ముంచి నాకుతది.

వాకిట్ల కూచొని చెప్తున్నడు. వాళ్ల ఊరి వెనక వాగుల, మద్దిచెట్టు మీద, జుట్టుడేగ గూడు పెట్టిందంట. నెత్తిన కుచ్చు ఉంటదంట. పోయిన వారం ఈయన మేకపిల్లను ఎత్తుకపోయింది.

"గూట్ల ఒక్కటే పిల్ల అన్నా. బొచ్చు ఇంక తెల్లగనే ఉంది. రేపో మాపో ఎక్కి కుత్తుక పిసుకుత."

"ఆగు" అన్న.

ఎందుకన్ననో నాకు తెల్వదు. చెట్టు పక్కన ఎత్తుగ ఏమన్న ఉందా అని అడిగిన. పెద్ద రాతిగుండు ఉందంట, గూడంత ఎత్తు. ఎంత దూరం?

"పది మూరలుంటదేమో. ఎందుకన్నా?"

పట్నంల ఫోటువల పోటీ అని పోయిన నెల కాగితం వచ్చింది. ఏప్రిల్ ఆఖరు లోపట చేరాలె. ఏం పంపుదు — షావుకారు తండ్రినా?

పటం దించే అద్దం ప్లేట్లు పదకొండు ఉన్నయి. లడాయి అయ్యేదాక అడగొద్దని పట్నం దుకాణమాయన రాసిండు.

మార్చి 12, ఆదివారం

బొగ్గుతోటి నడిచే బస్సుల ఆత్మకూరు దాక. మిట్ట వచ్చిన కాడ మమ్ములనే దించి నూకమన్నరు. అక్కడికెల్లి నడక, కెమెరా నెత్తిన.

చూసిన. డేగ గూడు మీద నిలవడ్డది. కుచ్చు గాలికి లేస్తున్నది. నేను చెట్టుకింద నిలవడితే మెడ వంచి చూసింది — భయం లేదు, కోపం లేదు. ఇంతదాక నన్ను ఎవ్వరు గట్ల చూడలే. దుకాణానికి వచ్చెటోళ్లు నా కెమెరాను చూస్తరు.

మార్చి 13, సోమవారం

పిల్లను సంపకుండ ఆగమంటే తిరుపతయ్య ఒప్పుకోలే. "నీ పటం కోసం నా మేకపిల్లలు పోవాలెనా?" అన్నడు నవ్వుకుంటనే. ఆయన మాట నిజమే. ఇంకో నెల గూడు ఉంటే ఇంకో రెండు పిల్లలు పోతయి.

బాలమ్మ రొట్టె కొట్టుకుంట వింటున్నది. ఈయన భార్య. మాట తక్కువ. రొట్టె తిప్పి, నా దిక్కు చూడకుండ అడిగింది — "మా ఇద్దరి పటం దించుతవా అన్నా?"

లగ్గమై పన్నెండేండ్లంట. ఒక్క పటం లేదు. ఇద్దరు పిల్లలు పుట్టి పోయిండ్రంట, వాళ్ల మొకం ఎట్లుండెనో తనకే యాదికొస్తలేదంట.

దించుత అన్న. తిరుపతయ్య భార్యను చూసి మెత్తబడ్డడు. "సరె. పిల్ల ఎగిరేదాక దాని జోలికి పోను."

సందుగల నుంచి ఎర్రచీర తీసి కట్టుకున్నది. ఆయన మీసానికి నూనె రాసిండు. గోడ ముందట నిలవెట్టిన. నల్లబట్ట కింద తల పెట్టిన. అద్దంల తలకిందులుగ ఇద్దరు. ఆమె ఆయన చెయ్యి పట్టుకున్నది, మళ్ల సిగ్గుపడి ఇడిసింది.

కెమెరాల ప్లేటు పెట్టలే.

పదకొండే ఉన్నయి. రబ్బరు బుడ్డి పిసికిన. టక్కుమన్నది. "పడ్డదా అన్నా?" — "మస్తు పడ్డది."

ఆఖర్ల ఒక్కటన్న మిగిలితే మళ్ల నిజంగ దించుత. ఇది రాసి పెడుతున్న, మర్సిపోవద్దని.

మార్చి 14, మంగళవారం

తిరుపతయ్య గుండు మీద మంచె మొదలుపెట్టిండు. చేను కావలికి కట్టినట్టే, గాని చుట్టు ఆకులు. అంత ఒక్కసారే కట్టొద్దన్న — రోజుకు నాలుగు కట్టెలు, నాలుగు మండలు. పిట్టకు అలవాటు కావాలె. ఈయనకు చెప్పే పని లేదు, నాకంటె ఎక్కువ తెలుసు. నేను వనపర్తి పోయి వస్త.

మార్చి 20, సోమవారం

మంచెల పొద్దుగాల నుంచి. కాళ్లు తిమ్మిరి. చీమలు.

వచ్చింది!

రెక్కల చప్పుడు ముందు వచ్చింది — తడిబట్ట దులిపినట్టు. కాళ్లల్ల కౌజుపిట్ట. పది మూరలు లేదు, ఎనిమిదే. కన్ను పచ్చగ, నడుమ నల్లటి చుక్క. గోరు ఒక్కొక్కటి నా చిటికెనవేలంత. కౌజును కాలికింద అదిమి పెట్టి చీరింది, ఎముక పలిగిన చప్పుడు వినపడ్డది. పిల్ల నోట్ల ఎర్రటి ముక్క పెట్టింది. ఎంత మెల్లగ పెట్టింది...

బుడ్డి పిసకడమే మర్సిపోయిన. యాదికొచ్చి పిసికేటప్పటికి టక్కుమన్న చప్పుడుకు మెడ తిప్పింది. పటం అంత అలుక్కపోయి ఉంటది.

పోయినంక గూడ గుండె కొట్టుకుంటనే ఉంది. ముప్పైనాలుగేండ్లు నాకు. లగ్గం రోజు కొట్టుకోలేదు గిట్ల.

మార్చి 21, మంగళవారం

రోజుకు ఒక్కసారో రెండుసార్లో వస్తది. నాకు సాలదు.

గూట్ల సగం తిన్న కుందేలు ఉండె. తీసెయ్యమన్న. తిరుపతయ్య ఎక్కి తీసుకొచ్చిండు, బాలమ్మ కడిగి కూర వండింది. మేకపిల్ల బాకీ కొంత తీరిందని నవ్విండు.

తిండి లేకపోతే పిల్ల అరుస్తది. అరిస్తే తల్లి మళ్ల మళ్ల వస్తది. వచ్చింది గూడ — మూడుసార్లు.

మార్చి 23, గురువారం

మూడు రోజుల సంది తెచ్చింది తెచ్చినట్టే తీసేస్తున్నం. తెల్లారకముందు నుంచి అరుపు. తిరుపతయ్య ఇయ్యాల ఎక్కనన్నడు. "దాని గొంతు బొంగురు పోయిందన్నా. బాలమ్మ నిద్రపోతలేదు." సరె, ఒక్క పూట ఇడిసిపెట్టినం. మూడు ప్లేట్లు అయినయి. నాలుగోది పిసకలే, ఎండ గూటి మీద పడలే.

మార్చి 27, సోమవారం

వనపర్తి. ప్లేట్లు కడిగే నీళ్లు వెచ్చగ ఉన్నయి, అద్దం మీది పటం పొర జారిపోతున్నది. నాగమణి నాలుగు కుండలు రాత్రంత ఆరుబయట పెట్టి, తెల్లారుజామున తెచ్చిచ్చింది. అయిన ఒకటి జారింది. కండ్లముందే — డేగ మెడ సాగి, కరిగి, బొటనవేలి కింద ముద్దయింది. ఇంకోటి అలుక్కపోయింది, అనుకున్నదే.

మూడోది మంచిగ వచ్చింది. కూచున్న పిట్ట. కదలకుండ, నిట్టనిలువు. షావుకారు తండ్రి లెక్క.

నాకు కావాల్సింది ఇది కాదు.

"మంచిగనే ఉంది గద" అన్నది నాగమణి. నీకేం తెలుసన్న. ఆమె కుండలు సదురుకున్నది. పదేండ్ల నుంచి ప్లేట్లు కడిగేది, కాగితాల మీద పటాలు తీసేది ఆమెనే — నీకేం తెలుసనుడు తప్పే. అన్న గాని.

ఏప్రిల్ 2, ఆదివారం

మళ్ల మంచెల. పిల్లకు రెక్కలు వచ్చినయి. గూటి అంచున నిలవడి కొట్టుకుంటున్నది. తిరుపతయ్య అంటడు వారంలోపట ఎగిరిపోతదని. ఎగిరినంక తల్లి గూటికి ఎందుకు వస్తది?

పిల్ల కాలు గూటికి కట్టెయ్యమన్న.

తిరుపతయ్య వాగుల ఇసుక కాలితో గీకుకుంట నిలవడ్డడు. "సంపుత అన్న గాని అన్నా... సంపుడు వేరే, కట్టేసుడు వేరే."

పది రోజులకు విప్పుదాం అన్న. నా మాట అది, నీకు తెలుసు గద అన్న. నిజంగనె అన్న.

ఎక్కి కట్టిండు. సన్నటి పురితాడుతోటి, కాలుకు బట్టపేలిక చుట్టి మరీ కట్టిండు. పిల్ల ఆయన చెయ్యి మీద రెండు తాన్ల గీరింది. దిగినంక నన్ను చూడలే.

ఏప్రిల్ 3, సోమవారం

పిల్ల ఎగురబోయింది. పురి లాగింది. గూట్ల బొక్కబోర్ల పడ్డది. మళ్ల ఎగురబోయింది. పొద్దంత గిదే. లెక్కపెట్టుడు మానేసిన.

తల్లి ఎక్కువ వస్తున్నది. పిల్ల అంచుకు రాకపోతే కొద్ది దూరం కొమ్మ మీద కూచొని, నోట్ల మాంసం చూపిస్తది. రమ్మని. పిల్ల పోలేదు. నేను అన్ని చూస్తున్న.

రెండు ప్లేట్లు. రెంటికి గూడ కొమ్మ నీడ అడ్డం.

ఏప్రిల్ 9, ఆదివారం

గూటి ముందట కొమ్మ ఒకటి ఉంది. పొద్దుగాల ఎండ అంత దానిమీదనే. అది పోతే ఎండ నేరుగ గూట్ల పడ్తది. రెక్కలు ఇప్పి దిగేటప్పుడు... నాకు కావాల్సింది ఆ ఒక్క క్షణమే. కాళ్లు ముందుకు సాచి, గోర్లు తెరిచి.

తిరుపతయ్యకు చెప్పిన. అలిసిపోయిన మొకం. "రేపు కొమ్మ కొడ్త. ఎల్లుండి పిల్లను ఇప్పుత. ఇగ అయిపాయె అన్నా, సరేనా?"

సరె అన్న.

తల్లి ఈ మధ్య మీదికి వస్తున్నది, పోయినసారి ఈయన అంగి చింపింది. అందుకని ఒప్పందం — నేను మంచెల కూచొని ఆకాశం చూడాలె. అది వస్తే ఈల వెయ్యాలె. ఈల ఇనంగనె ఈయన మొద్దు చాటుకు జరుగుతడు. "నాకు ఎనక కండ్లు లేవు గద. నువ్వే నా కండ్లు."

ఏప్రిల్ 11, మంగళవారం

నిన్నటిది రాయాలె. రాస్త.

పొద్దెక్కంగ తిరుపతయ్య చెట్టెక్కిండు, నడుముకు తాడు, చేతిల కొడవలి. కొమ్మ నాలుగు దెబ్బలకు పడ్డది. ఎండ గూట్ల నిండ పడ్డది. అంత తెల్లగ, అంత మంచిగ... బుడ్డి చేతిల పట్టుకున్న. ఎందుకు పట్టుకున్న? తల్లి రాలేదప్పటికి. పట్టుకున్న.

పిల్ల గబుక్కున గూటికి అంటుకుపోయింది, అరుపు బంద్ జేసింది. నేను తల ఎత్తిన.

గుట్ట మీదికెల్లి వస్తున్నది. రెక్కలు ముడిచింది.

చూసిన. ఈల వేసేంత సేపు ఉండె. ఎడమచేతి రెండు వేళ్లు నోట్ల పెట్టుకున్న గూడ. వేళ్లకు ఉప్పటి చెమట, నాలుకకు తగిలింది, ఇప్పటికి యాదికుంది. ఈల వేస్తే అది మర్లుతది. మర్లితే పోతది. ఇంకో రోజు లేదు, రేపు పిల్లను విప్పుతడు.

అనుకునేంత సేపు లేకుండె అని రాద్దామనుకున్న. ఉండె.

కుడిచెయ్యి పిసికింది.

చప్పుడు. తడిబట్ట చప్పుడు. తర్వాత ఆయన అరవలే — "అమ్మ" అని మెల్లగ, పక్కన ఎవరికో చెప్పినట్టు. కొడవలి రాయి మీద పడి మోగింది. తాడు మీద వేలాడిండు. తనంతట తనే దిగిండు, ఒక్క చేత్తోటి, ఇంకో చెయ్యి మొకం మీద.

నేను ముందు ప్లేటు పెట్టె మూత వేసిన. వెలుగు తగలొద్దని. తర్వాత మంచె దిగిన.

"అన్నా... ఈల ఏదన్నా?"

"చూడలే. వెనకకెల్లి వచ్చింది. నేను చూడలే తిరుపతయ్యా."

వేళ్ల సందుల కెల్లి కారుతున్నది. నన్ను నమ్మిండు. "అయ్యో, పోనియ్యన్నా, నువ్వేం జేస్తవు" అన్నడు.

ఏప్రిల్ 13, గురువారం

వనపర్తి దవాఖానల. ఎడమ కన్ను తీసేసిండ్రు. డాక్టరు మంచోడు, చెయ్యాల్సింది చేసిండు. ఇంక రెండో కన్ను బాగనే ఉందంట.

బాలమ్మ మంచం పక్కన నేల మీద కూచున్నది. నాగమణి గంజి తీస్కపోయి ఇచ్చింది. బాలమ్మ నన్ను చూసి ఏడుస్తదనుకున్న. ఏడవలే. అడిగింది — "మా పటంల రెండు కండ్లు పడ్డయి గద అన్నా?"

పడ్డయి అన్న.

"అయితే సాలు."

బయటికొచ్చి సైకిల్ ఎక్కలేకపోయిన. తోసుకుంట ఇంటికొచ్చిన.

ఏప్రిల్ 14, శుక్రవారం

తెల్లారుజాము. కుండనీళ్లు చల్లగ ఉన్నయి. నాగమణి పోస్తున్నది, నేను పళ్లెం ఊపుతున్న.

జారలే. అలుక్కపోలే. పొర గట్టిగ నిలిచింది.

రెక్కలు పూర్తిగ ఇప్పి. కుచ్చు నిలవడి. గోర్లు ఎనిమిది లెక్కపెట్టొచ్చు. ఈక ఈక. ఇంత దగ్గర నుంచి ఎవ్వడు తీయలే, ఎవ్వడు. ఒక్కసారి నవ్విన, సంతోషానికి. సంతోషానికే.

గోర్లకు జానెడు దూరంల తిరుపతయ్య మొకం. ఇటు తిరిగి ఉంది. పిల్ల అరుపు ఆగేటప్పటికి నా దిక్కు చూసిండు — ఈల కోసం. రెండు కండ్లు.

నాగమణికి అక్షరాలు రావు. ప్లేటు మాత్రం నలుపు తెలుపు తిరగేసి చదువుతది. కిటికి దగ్గర పట్టుకొని చాలసేపు చూసింది.

"ఈయన నిన్ను చూస్తున్నడు."

ఊఁ అన్న.

"నువ్వు దేన్ని చూస్తున్నవు?"

పళ్లెం కడుగుత అని లేచిన. ఆమె ప్లేటును ఆరబెట్టింది, ఎప్పటిలెక్కనే, దుమ్ము పడకుండ. అంత జాగ్రత్తగ ఎందుకు పెట్టిందో...

ఏప్రిల్ 17, సోమవారం

"పిల్లను విప్పినవా?" అని నాగమణి.

అప్పటిదాక నాకు యాదికి లేదు.

సైకిల్ మీద పోయిన, ఎండల, ఆత్మకూరు దాక ఆగలే. చెట్టుకింద నిలవడ్డ. పిల్ల పైన గూట్లనే ఉంది, అరుపు వినపడుతున్నది. తాడు మద్దికే ఉండె. ఒక మనిషి ఎత్తు ఎక్కిన. మీద తల్లి నీడ తిరిగింది. దిగిన. మళ్ల ఎక్కిన, మళ్ల దిగిన. మొకం మీద చెయ్యి పెట్టుకొనే దిగిన.

ఊర్లె ఎవరినన్న పిలువొచ్చు. పిలిస్తే ఎవరు కట్టిండ్రని అడుగుతరు.

ఇంటికొచ్చి — విప్పిన అన్న.

ఏప్రిల్ 22, శనివారం

ఏం రాయ బుద్ది కాలే.

ఏప్రిల్ 24, సోమవారం

పటంల తిరుపతయ్యను నిలువుగ కోసేసిన. కాగితం అంచు అక్కడికే పెట్టిన. గాని చెయ్యి పోతలేదు — గూటి అంచు పట్టుకున్న ఎడమచెయ్యి, నాలుగు వేళ్లు. రెక్క కింద సరిగ్గ ఉంది. చెయ్యి కొయ్యాలంటే రెక్క కొయ్యాలె.

కుంచె తీసిన. పెండ్లికూతుర్ల మొకం మీద మచ్చలు తీసుడు నాకు అలవాటే. వేళ్ల మీద బెరడు గీతలు గీసిన. గోర్లకాడ చిన్న కణుపు పెట్టిన. ఒక ఆకు.

చెయ్యిని కొమ్మ చేసిన. ఎంత మంచిగ కుదిరిందంటే ఎవ్వడు పట్టడు.

నాగమణి తలుపుకాడికెల్లి చూసి పోయింది. అన్నం గిన్నె మీద మూత పెట్టి పడుకున్నది.

ఏప్రిల్ 26, బుధవారం

తపాలల పడ్డది. ఆఖరు తారీఖుకు ముందే చేరుతది.

మే 9, మంగళవారం

ఆత్మకూరు నుంచి కట్టెలబండి ఆయన వచ్చిండు. ఊర్ల సంగతులు చెప్పుకుంట చెప్పిండు — వాగుల మద్దిచెట్టుకు డేగపిల్ల తలకిందులుగ వేలాడుతుండెనంట, కాలు పురికి సిక్కుకొని. తల్లి నాలుగైదు రోజులు గూట్లకు మాంసం తెచ్చి పెడుతనే ఉండెనంట. ఇప్పుడు రెండు లేవు.

నాగమణి వాకిలి ఊడుస్తున్నది. చీపురు ఆగింది. మళ్ల ఊడ్చింది.

విప్పిన అని చెప్పినోన్ని నేనే.

మే 18, గురువారం

ఉత్తరం! పోటీల మొదటిది మనదే. ఇంత దగ్గర నుంచి, ఇంత ధైర్యంగ తీసినోన్ని చూడాలని ఉందని రాసిండ్రు. మే 29న పట్నంల రమ్మన్నరు.

ధైర్యం అన్న మాట రెండుసార్లు రాసిండ్రు.

గద్వాల అన్నకు కార్డు రాసిన. ఇగ మగ్గం మాట ఎత్తడు. నాగమణికి చదివి వినిపించిన. "మంచిది" అన్నది. పెండ్లైన కొత్తల గూడ గంత మర్యాదగ మాట్లాడలే నాతోటి.

మే 22, సోమవారం

తిరుపతయ్య వచ్చిండు. కంటికి తెల్లబట్ట. తేనె సీస తెచ్చిండు. చెట్టు తను ఎక్కలే, మామ కొడుకు ఎక్కిండంట. "లోతు తెలుస్తలేదన్నా ఒక్క కంటికి. కొమ్మ ఉందనుకొని పెడితే కాలు గాలిల పడ్తది."

కుర్చీల కూచోబెట్టిన. కస్టమర్ల కుర్చీ. షావుకారు తండ్రి కూచున్నది అదే, అది ఎందుకు యాదికొచ్చిందో.

కంటి బట్ట సరిజేసుకున్నడు. తర్వాత — "మా పటం అయిందా? బాలమ్మ రోజు అడుగుతది. నాకు రెండు కండ్లున్న పటం గదొక్కటే గద."

ప్లేటు పలిగిందని చెప్పిన. కుండ నీళ్లల్ల కడుగుతుంటె జారి పలిగిందని. ఎప్పుడు పలిగింది, ఎట్ల పలిగింది అన్ని చెప్పిన. అడగనియి గూడ చెప్పిన. లోపల నాగమణి గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"అట్లనా" అన్నడు. "ఆమెకు ఎట్ల చెప్పాలె..."

లేచిండు. గోడకు డేగ పటం ఉంది, పెద్దగ చేసింది, పట్నం కోసం. దగ్గరికి పోయి, మొకం పక్కకు తిప్పి, ఉన్న కంటితోటి చూసిండు. ముక్కు తగిలేంత దగ్గర. నేను మాట్లాడుతనే ఉన్న — పోటీ, మొదటిది, నీ కష్టం గూడ ఉంది, ఇంకోసారి వచ్చి నిజంగ దించుత ఇద్దరిని...

"అన్నా, గీడ కొమ్మ లేకుండె. నేనే కొట్టేసిన గద."



వేలు పెట్టి కొమ్మను తడిమిండు. నాలుగు చీలికలు. ఒక్కొక్కటి తడిమిండు. తన ఎడమచెయ్యి ఎత్తి చూసుకున్నడు. తర్వాత నన్ను చూసిండు. ఆ చూపు నాకు కొత్త కాదు. ప్లేటుల చూసిన.

"ఈల ఏసేంత సేపు ఉండె కదా అన్నా?"

లేకుండె అన్న.

తేనె సీస బల్ల మీదనే ఇడిసి పోయిండు. గడప అందక తూలిండు. పట్టుకోబోతే చెయ్యి గుంజుకున్నడు.

మే 23, మంగళవారం

నాగమణి తేనె ముట్టలే.

మే 25, గురువారం

పొద్దుగాల లేచేటప్పటికి నాగమణి లేదు. పొయ్యి రాజేసి లేదు. దవాఖాన కాడ, బాయి కాడ, ఆమె చెల్లెలింట్ల చూసిన. ఎదురింటామె చెప్పింది — ఆత్మకూరు బస్సు ఎక్కింది, చేతిల బట్టల చుట్టిన అట్ట ఏదో ఉండె అని.

చీకటి గదిల చూసిన. ప్లేటు పెట్టెల దాని జాగల్నే ఉంది. కాగితాల కట్ట విప్పి ఉంది, ఒకటి తక్కువ. పళ్లెం తడిగ ఉంది. నేను నిన్న షావుకారు ఇంటికి పోయినప్పుడు ఆమె పటం తీసినట్టుంది. కొయ్యకుండ, కుంచె పెట్టకుండ, మొత్తం.

తిరుపతయ్యోళ్లకు పటం ఇయ్యడానికే పోయింది. రెండు కండ్లున్నది.

మే 26, శుక్రవారం

బస్సు వచ్చింది. ఆమె దిగలే.

మే 27, శనివారం

రాలే. ఆత్మకూరు నుంచి వచ్చినోళ్లను అడుగుదామంటే ఏమని అడగాలె. ఒకాయన దుకాణం ముందటకెల్లి పోతు నన్ను చూసి ఏమో పక్కాయనకు చెప్పిండు. నా సంగతి కాకపోవచ్చు.

బాలమ్మ ఆ పటం ఎట్ల పట్టుకున్నదో. ముందు ఆయన కండ్లు చూసిందో, డేగను చూసిందో... ఆయన ఎవరిని చూస్తున్నడో అడిగి ఉంటది. నాగమణి చెప్పి ఉంటది.

మే 28, ఆదివారం

రేపు పట్నంల ఉండాలె. అంగి నేనే ఇస్త్రీ చేసుకున్న, కాలరు కాలింది. పటం బట్టల చుట్టిన. దుకాణానికి తాళం.

పట్నం బస్సు, ఆత్మకూరు బస్సు రెండు ఒక్క తాననే ఆగుతయి. బెంచి మీద కూచున్న.

ఆత్మకూరుది ముందు వచ్చింది. డ్రైవరు ఎరికే. "వస్తవా, మీ ఇంటామెను ఆడ దించింది నేనే" అన్నడు. లేచిన. ఒక కాలు మెట్టు మీద పెట్టిన. నిండ మంది ఉండిరి, జాగ లేకుండె అని రాద్దామంటే — సగం ఖాళీగనే ఉండె.

పొగ ఇడిసి పోయింది.

పట్నం బస్సు ఇంక రాలే. బెంచి మీదనే రాస్తున్న. పక్కన కూచున్న ముసలాయన అడిగిండు, ఆ బట్టల ఏముంది బిడ్డా అని. పిట్ట పటం అన్న. చూపియ్యమన్నడు. ముడి విప్పుతున్న...